ఎండీఎస్ అసెస్‌మెంట్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఎండీఎస్ నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి కాదు, ఎక్కువగా వృద్ధులు ఉండే చోటు. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాల గుర్తింపు ఉన్న ప్రతి హోమ్, తన దగ్గరున్న ప్రతి ఒక్కరి ఆరోగ్యం గురించి ఎండీఎస్ అనే ఫారం నింపి ప్రభుత్వానికి పంపాలి. మనిషి చేరిన 14 రోజుల్లో ఒకటి, ఆపైన దాదాపు మూడు నెలలకొకటి.

అపోహ: అది ఉత్త బిల్లింగ్ కాగితం.

డబ్బు ముడిపడి ఉన్నమాట నిజమే. 2019 అక్టోబర్ నుంచి మెడికేర్ చెల్లింపు థెరపీ నిమిషాలను బట్టి కాకుండా రోగి పరిస్థితిని బట్టి ఉంటోంది. కానీ కేర్ ప్లాన్ తయారయ్యేదీ ఈ జవాబులతోనే.

అపోహ: నడక లాంటి పనుల సెక్షన్‌లో థెరపిస్టు రాసింది దించేస్తే చాలు.

పొద్దున్నే, బాగా నిద్రపోయి లేచాక, థెరపీ గదిలో పెద్దాయన చకచకా నడుస్తాడు. అదే మనిషిని రాత్రి రెండింటికి బాత్‌రూమ్‌కి తీసుకెళ్లాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఫారం అడిగేది ఆయన బాగా చేసిన రోజునూ కాదు, అస్సలు చేయలేని రోజునూ కాదు, మామూలుగా ఎలా చేస్తున్నాడో అది. అందుకే రాత్రి డ్యూటీ సీఎన్ఏలను (దగ్గరుండి చూసుకునే నర్సింగ్ సహాయకులను) అడగకుండా ఈ సెక్షన్ నింపితే నాకు నమ్మకం కుదరదు. వాళ్లను అడిగేవాళ్లు తక్కువ.

అపోహ: బిమ్స్ అనే జ్ఞాపకశక్తి పరీక్షలో స్కోరు తక్కువొస్తే మతిమరుపు జబ్బే.

మూడు మాటలు చెప్పి తిరిగి చెప్పమంటాం, ఏ సంవత్సరం, ఏ నెల, వారంలో ఏ రోజు అని అడుగుతాం. మొత్తం 15 మార్కులు. వినికిడి మెషిన్ పెట్టకుండా అడిగితే ఎవరికైనా తక్కువే వస్తుంది. తెలుగు తప్ప రాని బామ్మగారిని ఇంగ్లీషులో అడిగినా అంతే. ఆవిడ భాషలోనే అడగాలన్నది రూలు. దుబాసీ దొరక్కపోతే ఆ ఇంటర్వ్యూ మానేసి, సిబ్బంది గమనించినదాన్ని బట్టి నింపాలి. మీవాళ్లు ఇలాంటి చోట ఉంటే, పరీక్ష ఏ భాషలో పెట్టారో మొహమాటం లేకుండా అడగండి.

అపోహ: పడక పుండు మానుతుంటే స్టేజి (ఎంత లోతుగా ఉందో చెప్పే అంకె) తగ్గించి రాయొచ్చు.

రాయకూడదు. మానుతున్న నాలుగో స్టేజి పుండు, పూర్తిగా మానేదాకా నాలుగో స్టేజే.

అపోహ: పడి దెబ్బలు తగిలినవాళ్లు తక్కువని చూపిస్తే అది మంచి హోమ్.

ఆ అంకె హోమ్ తనకు తాను రాసుకున్నదే. షికాగో యూనివర్సిటీ పరిశోధకులు దాన్ని ఆసుపత్రి బిల్లులతో పోల్చి చూస్తే, పెద్ద గాయాలైన ఘటనల్లో 57.5 శాతమే ఎండీఎస్‌లో కనిపించాయి. అన్నట్టు, పడబోతుంటే మధ్యలో పట్టుకున్నా పడినట్టే లెక్క. ఇది తెలియని సిబ్బంది చాలామంది.

అపోహ: చివర ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) సంతకం పెట్టింది కాబట్టి తప్పులన్నీ ఆమెవే.

ఆ సంతకం ఫారం పూర్తయిందని చెప్పడానికి. ఏ భాగం నిజానిజాలకు ఆ భాగం నింపినవాళ్లదే బాధ్యత. తెలిసి తప్పు రాస్తే ఒక్కో అసెస్‌మెంట్‌కు 1,000 డాలర్ల దాకా, ఇంకొకరి చేత రాయిస్తే 5,000 దాకా జరిమానా అని చట్టంలో ఉంది. ద్రవ్యోల్బణాన్ని బట్టి ఆ మొత్తాలు ఇప్పుడు ఇంకా ఎక్కువ. పంపాక తప్పు కనబడితే సరిదిద్ది మళ్లీ పంపొచ్చు.