రోడ్డు ఎక్కడ దాచారు?

చిరంజీవులు చింటూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో చింటూ పాత బైకు రేసు ఆట ఆడి చూపిస్తుంటే బుజ్జి ఒక ప్రశ్న వేసింది. "అంత బుల్లి కంప్యూటర్లో అంత పొడుగు రోడ్డు ఎక్కడ దాచారు తాతయ్యా?" అని. నేను జవాబు మొదలుపెట్టేలోపు ఇక్కడ కరెంటు పోయింది. అందుకే ఈ ఉత్తరం.

ఆ ఆట పేరు ఫుల్ థ్రాటిల్. 1984లో ఇంగ్లండ్‌లో మైక్రోమెగా అనే కంపెనీ అమ్మింది. రాసినాయన మెర్విన్ ఎస్ట్‌కోర్ట్. అంతకు ముందు ఏడాదే ఆయన డెత్‌చేజ్ అని ఇంకో బైకు ఆట రాశాడు. అందులో అడవిలో చెట్ల సందుల్లోంచి దూసుకుపోతూ శత్రువుల బైకులను తరమాలి. రెండూ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ కోసం రాసినవే. దానికి రబ్బరు మీటలు. తెర ఉండదు, ఇంట్లో టీవీకే తగిలించుకోవాలి. ఆట క్యాసెట్‌లో వచ్చేది. టేప్ రికార్డర్ నొక్కితే చెవులు గింగురుమనేలా కీచుమంటూ, టీవీ అంచుల్లో రంగు చారలు పరుగెడుతూ, కొన్ని నిమిషాలకు ఆట మెమరీలోకి చేరేది. మధ్యలో తేడా వస్తే మళ్లీ మొదటికే!

ఫుల్ థ్రాటిల్ ఆడే మోడల్‌లో మెమరీ 48 కిలోబైట్లు. మీ అమ్మ ఫోన్లో తీసే ఒక్క ఫోటో ఉంచడానికి అలాంటి కంప్యూటర్లు నలభై దాకా కావాలి. ఆ 48లోనూ దాదాపు ఏడు తెర మీది బొమ్మకే పోతాయి.

మరి రోడ్డు? ఎక్కడా దాచలేదమ్మా. అసలు రోడ్డే లేదు.

అమ్మమ్మ గంజి పెట్టిన చీర మడత పెట్టడం చూశారుగా. అవతలి కొసను పిన్ని గుప్పిట్లో పోగేసి పట్టుకుంటుంది. ఇవతలి కొసను అమ్మమ్మ రెండు చేతులూ బార్లా చాపి పట్టుకుంటుంది. అమ్మమ్మ వైపు నుంచి చూస్తే రెండు అంచులూ ఎడంగా మొదలై, పోనుపోను దగ్గరై, పిన్ని గుప్పిట్లో కలిసిపోతాయి. తెర మీద రోడ్డుదీ అదే ఆకారం. ఇప్పుడు అమ్మమ్మ నిలుచున్న చోటే నిలుచుని చీరను తనవైపు లాక్కుంటోందనుకోండి. దూరంగా చుక్కలా ఉన్న పువ్వు దగ్గరికొచ్చేసరికి అరచేయంత అవుతుంది. ఆ పువ్వే నీ ముందున్న బైకు, చింటూ. నీ బండి ఉన్నచోటే ఉంది, అదే నీ దగ్గరికి వస్తోంది. ఇలాంటి ఆటల్లో ఎదుటి బండికి చిన్నదీ, కాస్త పెద్దదీ, బాగా పెద్దదీ అని కొన్ని బొమ్మలే గీసి ఉంచుతారు. ఒకటి తీసి ఇంకోటి పెడతారు, అంతే.

మలుపు ఎలాగంటారా? పిన్ని ఒక అడుగు కుడికి జరిగితే చాలు. అవతలి కొస బాగా జరుగుతుంది, మధ్య భాగం కొంచెం, అమ్మమ్మ చేతుల దగ్గర దాదాపు ఏమీ ఉండదు. కంప్యూటర్ కూడా రోడ్డును అడ్డంగా సన్నని గీతలుగా గీస్తూ, పై గీతలను ఎక్కువ, కింది గీతలను తక్కువ పక్కకు జరుపుతుంది. కాబట్టి మెమరీలో ఉంచుకోవాల్సింది "ఇంతసేపు తిన్నగా, ఇక్కడ కుడికి, ఇక్కడ ఎడమకు" అన్న కాసిని గుర్తులే. చీర ఐదున్నర మీటర్లకు అయిపోతుంది కదా అంటావేమో బుజ్జీ. ద్రౌపది చీర అనుకో. ఎంత లాగినా వస్తూనే ఉంటుంది. (ఇది చదివి పిన్ని "చాల్లే నాన్నా, చీర చిరిగిపోతుంది" అంటుంది. అననీండి.)

మా చిన్నప్పుడు ఊళ్లో ఒక్కటే మోటారు సైకిలు, పశువుల డాక్టరుగారి జావా. కాలవగట్టు మీద ముందు చప్పుడు వచ్చేది, తర్వాత దుమ్ము, ఆ తర్వాత డాక్టరుగారు. ఆయన దిగి లోపలికెళ్లగానే నేను హ్యాండిల్ పట్టుకుని, నోటితో డుర్రుమంటూ అటూ ఇటూ వంగేవాణ్ని. స్టాండు మీదున్న బండి అంగుళం కదిలేది కాదు. నాకు మాత్రం తెనాలి దాకా వెళ్లొచ్చినట్టుండేది.

పెద్దయ్యాక సికింద్రాబాద్‌లో ఒక స్నేహితుడింట్లో ఈ ఆట చూశాను. 1986లో డెసిబెల్స్ అనే కంపెనీ లైసెన్సు తీసుకుని స్పెక్ట్రమ్ ప్లస్‌ను మన దేశంలో అమ్మకానికి పెట్టింది, వాడు కొనేశాడు. మలుపు వచ్చినప్పుడల్లా కుర్చీల్లో కూర్చున్నవాళ్లం కూర్చున్నట్టే ఒక పక్కకు ఒరిగిపోయేవాళ్లం. ఉద్యోగాలు చేసుకునే మగాళ్లం! ఫోన్ స్లో అని సణిగే చింటూ ఒక్కసారి ఆ 48 కిలోబైట్లను తలుచుకుంటే మంచిది.

ఆ గీతలన్నీ కనురెప్ప కొట్టేలోపు ఎస్ట్‌కోర్ట్ ఎలా గీయించాడన్నది చెప్పబోతే ఈ ఉత్తరం చాలదు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మీరొక పని చెయ్యండి. ఆట పెట్టి, ఒక అట్టముక్కతో తెరలో రోడ్డు కింది సగం మూసి, మలుపులో పైభాగం ఎంత జరుగుతోందో చూడండి. తర్వాత పైసగం మూసి కిందిది చూడండి. ముందు బుజ్జి అట్ట పట్టుకోవాలి, చింటూ బండి నడపాలి. తర్వాత మార్చుకోండి. కొట్టుకోకుండా చూసి, ఏ సగం ఎక్కువ జరిగిందో నాకు రాయండి.

మీ
తాతయ్య