ఇంగువ డబ్బాలో గోధుమ

మా అక్క కూతురికి ఏడో ఏట సీలియాక్ వ్యాధి అని తేలింది. అప్పటికి రెండేళ్లుగా పిల్ల ఎత్తు పెరగలేదు. ఎన్ని ఐరన్ సిరప్‌లు తాగించినా రక్తహీనత తగ్గలేదు. డాక్టరు గారు గోధుమ పూర్తిగా మానెయ్యమన్నారు. చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్లు ఆ రోజే ఆపేశాం. మూడు పూటలా అన్నం, ఇడ్లీ, దోసె తినే ఇల్లే కదా, కష్టమేముంది అనుకున్నాం. మూడు నెలలు గడిచినా కడుపునొప్పి పూర్తిగా పోలేదు. ఒక ఆదివారం అక్కా నేనూ వంటింట్లో కింద కూర్చుని, ప్రతి డబ్బా మీదా ఉన్న చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టాం. గోధుమ ఇంగువ డబ్బాలో దొరికింది.

ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే బంక. దాని ఘాటు నేరుగా భరించలేం కాబట్టి పిండి, జిగురు కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలాసార్లు మైదానో గోధుమ పిండో అవుతుంది. పప్పులో, చారులో, పులిహోరలో, చివరికి ఆవకాయలో కూడా రోజూ మేమే వేసి పెడుతున్నాం!

చిటికెడుకే ఇంత టెన్షనా అనిపిస్తుంది. ఎందుకో తెలియాలంటే పేగులో ఏం జరుగుతుందో చూడాలి. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే ఒక రకం ప్రోటీన్లను కలిపి గ్లూటెన్ అంటారు. ఈ రై అనేది హిందీలో రాయీ అని పిలిచే ఆవాలు కాదు, పోపులో ఆవాలు నిశ్చింతగా వేసుకోవచ్చు. గ్లూటెన్‌లో ప్రోలిన్, గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువ. మన జీర్ణరసాలు దాన్ని పూర్తిగా ముక్కలు చేయలేవు, కొన్ని పొడవాటి తునకలు అలాగే మిగిలిపోతాయి. చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. కానీ డీక్యూ2, డీక్యూ8 అనే జన్యురకాలు ఉన్నవాళ్లలో కొందరి రోగనిరోధక వ్యవస్థ ఆ తునకలను శత్రువులుగా చూసి దాడికి దిగుతుంది. ఆ పోరులో దెబ్బతినేది సొంత పేగే. చిన్నపేగు లోపల మఖమల్ గుడ్డ మీది నూగులా ఉండే ఆంత్రచూషకాలు అరిగి చదునైపోతాయి. తిన్న అన్నంలోని ఇనుము, కాల్షియం ఒంటికి పట్టవు. పిల్ల ఎదగకపోవడానికి కారణం అదే.

రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తీసుకుంటే చాలు, ఈ రోగుల పేగు దెబ్బతింటుందని 2007లో ప్రచురించిన ఇటలీ ప్రయోగం ఒకటి చూపించింది. అంత గ్లూటెన్ సుమారు అర గ్రాము గోధుమ పిండిలోనే ఉంటుంది. గ్లూటెన్ లేనిదని ముద్ర వేసే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ నిబంధన కూడా చెబుతోంది.

దోషి గోధుమేనని తేల్చింది విల్లెం డికే అనే డచ్ పిల్లల వైద్యుడు. ఆయనకు 1930లలోనే అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి బ్రెడ్డు దొరక్కుండా పోయింది. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం కోలుకోవడం ఆయన చూశారు. బ్రెడ్డు తిరిగి రాగానే జబ్బూ తిరిగి వచ్చింది. 1950లో ఆయన దీన్నే సిద్ధాంత వ్యాసంగా సమర్పించారు. నేటికీ దీనికి మందు గ్లూటెన్ లేని ఆహారమే.

మన దేశంలో మూడు ప్రాంతాల్లో చేసిన ఒక సర్వే 2016లో వచ్చింది. ఉత్తరాదిలో నూటికి ఒకరికి పైగా ఈ వ్యాధి కనిపిస్తే, దక్షిణాదిలో వెయ్యికి ఒకరే. ఉత్తరాదివాళ్లు రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాదివాళ్లు తినేది 25 గ్రాములు. మన దగ్గర అరుదు కాబట్టే ఎవరికీ త్వరగా ఈ అనుమానం రాదు. రాత్రికి అన్నం మానేసి చపాతీ తినే ఇళ్లు ఇప్పుడు ఎన్నో. అందుకే ఈ జబ్బు గురించి తెలిసి ఉండాలని నా తపన.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. అనుమానం రాగానే గోధుమ మానెయ్యకండి. ముందు రక్తపరీక్ష, అవసరమైతే పేగు బయాప్సీ (పేగు లోపలి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) చేయించుకోవాలి. మానేశాక చేస్తే పరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు. ఇంట్లో ఒకరికి తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవాలి. జబ్బు లేనివాళ్లు గ్లూటెన్ మానాల్సిన పని లేదు.

ఇక వంటింట్లోకి వద్దాం. గోధుమ మన ఇళ్లలో మారుపేర్లతో తిరుగుతుంది. బొంబాయి రవ్వ, మైదా, సేమ్యా, అన్నీ గోధుమే. ఇడ్లీ రవ్వ మాత్రం బియ్యానిది. పాలలో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. ఇంగువ కంటే మమ్మల్ని ఎక్కువగా మోసం చేసింది పిండి మర. అక్క శుభ్రంగా కడిగి ఎండబెట్టిన జొన్నలు పట్టుకెళ్తే, అంతకు ముందు అదే మరలో ఎవరివో గోధుమలు ఆడి ఉండేవి. ఆ పిండి ఈ పిండిలో కలిసేది. ఇప్పుడు ఇంట్లోనే మిక్సీలో పట్టి జల్లించుకుంటోంది. జల్లెడ, అప్పడాల కర్ర కొత్తవి కొంది. పూరీలు వేయించిన నూనెలో గారెలు వేయడం మానేసింది.

పిల్లకు విడిగా వండటం మొదట్లో చేశాం. అది రెండు వారాలు కూడా సాగలేదు. పని రెట్టింపు అవుతుంది, గరిటెలు మారిపోతాయి, అన్నిటికీ మించి పిల్ల తన కంచం వేరని చిన్నబుచ్చుకుంటుంది. ఇంటిల్లిపాదీ ఒకే వంటకు మారడమే సులువైంది.

మన వంటకు ఇందులో గొప్ప వెసులుబాటు ఉంది. గోధుమ పిండిని సాగేలా చేసేది గ్లూటెనే. అది లేని జొన్న పిండిని చన్నీళ్లతో కలిపితే రొట్టె అంచులు పగిలిపోతాయి. అందుకే మరిగే నీళ్లు పోసి కలుపుతారు. ఆ వేడికి పిండిపదార్థం ఉబ్బి జిగురై రొట్టెను పట్టి ఉంచుతుంది. ఇడ్లీ పిండిలో ఆ పని మినప్పప్పుది. దాని ప్రోటీన్లు, జిగురు కలిసి, పులిసేటప్పుడు పుట్టే గాలి బుడగలను పోనివ్వకుండా పట్టుకుంటాయి. పెసరట్టు, సర్వపిండి, రాగి సంకటి, అరిసెలు, సకినాలు, పూతరేకులు, ఏవీ గోధుమ అడగవు. అన్నీ బియ్యంతోనే సరిపెట్టకుండా జొన్న, రాగి తిప్పుతుంటే పీచు కూడా అందుతుంది. రాగుల్లో అయితే నూరు గ్రాములకు 350 మిల్లీగ్రాముల వరకు కాల్షియం ఉంటుంది. అరిగిన పేగుతో ఎముకలు బలహీనపడ్డ పిల్లకు అది ఎంతో అవసరం.

కార్తీకంలో అక్కవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం అన్నవరంలోలాగే గోధుమ రవ్వతో చేయాలి. కళ్లకద్దుకుని తినాల్సింది వద్దని పిల్లకు ఎలా చెప్పాలో తెలియక అక్క బెంగపడింది. పంతులు గారిని అడిగితే ఆయన వ్రతకథలోని శ్లోకమే చదివి చెప్పారు. గోధుమ పిండి, అది లేకపోతే బియ్యప్పిండి అని అందులోనే ఉంది. ఆ ఏడు బియ్యపు రవ్వ నేతిలో దోరగా వేయించి, బెల్లం వేసి ప్రసాదం చేశాం. అందరికంటే ముందు దోసిలి పట్టింది మా పిల్లే.