అరిసెలో నీళ్ళు ఎక్కడ దాక్కుంటాయి?

వినాయక చవితి దగ్గరపడేసరికి ఒకే ప్రశ్న నాలుగు రకాలుగా వస్తుంది. ఇంట్లో పెద్దాయనకు షుగరు, బిడ్డలకు పళ్ళు పుచ్చుతున్నాయి, ఈసారి సంక్రాంతి దాకా ఇంటిల్లిపాదీ చక్కెర మానేద్దామనుకుంటున్నాం. చక్కెర బదులు బెల్లం వేసుకోవచ్చా? అరిసెల్లో షుగర్‌ఫ్రీ పొడి వాడొచ్చా? మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది: బదులు కాదు. రెండోదానికి జవాబు చెప్పాలంటే పాకం గురించి మాట్లాడాలి. పాకం గురించి మాట్లాడే అవకాశం వస్తే వదులుకోవడం నాకు చేతకాదు.

ముందు బెల్లం సంగతి. చెరుకు పండించి బెల్లం వండే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో కూర్చుని ఈ మాట అనడం కాస్త ఇబ్బందే. అయినా బెల్లంలో వందకు 65 నుంచి 85 వంతులు సుక్రోజే, అంటే చక్కెరే. మరో 10, 15 వంతులు గ్లూకోజు, ఫ్రక్టోజు. మిగిలిన కాసింతలో తేమ, ఖనిజాలు, ఆ కమ్మటి వాసన. ఇనుము ఉంది నిజమే, కానీ దానికోసం అంత చక్కెర మింగడం కంటే ఆకుకూర తినడం నయం. తేనె, ఖర్జూరం కూడా ఈ బాపతే. తేనెలో వందకు 80 వంతులు చక్కెరలే. 'చక్కెర వేయలేదు' అని రాసిన ఖర్జూరం లడ్డు గ్లూకోమీటరును మోసం చేయలేదు.

ఇప్పుడు పాకం. పండగ పిండివంటల్లో చక్కెర రెండు పనులు చేస్తుంది. ఒకటి తీపి ఇవ్వడం. రెండోది నీళ్ళను కట్టేయడం. చక్కెర తగ్గించినప్పుడు వంట ఎందుకు చెడిందో తెలియక తికమకపడేది ఈ రెండో పని దగ్గరే.

వైకుంఠం క్యూ కాంప్లెక్సును తలుచుకోండి. నీటి అణువులు భక్తులు, చక్కెర అణువులు కంపార్ట్‌మెంట్లు. ఒక్కో సుక్రోజు అణువుకు ఎనిమిది హైడ్రాక్సిల్ గుంపులు (ఆక్సిజను, హైడ్రోజను జంటలు) ఉంటాయి. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో వాటిని పట్టుకుని నిలబడిపోతాయి. భక్తులు ఎక్కడికీ పోలేదు, లోపలే ఉన్నారు, కానీ బజార్లో తిరగడం లేదు. బయట టీ కొట్టువాడికి బేరం ఉండాలంటే తిరిగే జనం కావాలి. ఆ టీ కొట్టువాడే బూజు. పదార్థంలో నీళ్ళు ఎన్ని ఉన్నాయన్నది బూజుకు అక్కర్లేదు, వాటిలో ఖాళీగా తిరిగేవి ఎన్నో అదే కావాలి. శాస్త్రజ్ఞులు దీన్ని సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు. మంచినీళ్ళకు 1. చక్కెర ఇక కరగనంతగా కలిపిన నీళ్ళకు సుమారు 0.85. చాలా బ్యాక్టీరియాలకు 0.9 పైన ఉండాలి, మామూలు బూజులకు 0.8 దరిదాపుల్లో ఉండాలి, 0.6 కంటే దిగితే ఏదీ పెరగదు. అరిసెలు ఫ్రిజ్ లేకుండా వారాలు నిలవ ఉండేది, సగం బెల్లంతో చేసిన పూర్ణం మర్నాటికే పులిసేది ఈ లెక్క వల్లే.

పాకం కాచడమంటే కంపార్ట్‌మెంట్లను అలాగే ఉంచి భక్తులను కొంచెం కొంచెంగా ఆవిరి రూపంలో పంపేయడం. నీళ్ళు తగ్గేకొద్దీ మిగిలినవి మరింత గట్టిగా బందీ అవుతాయి. అవి తప్పించుకోవాలంటే ఎక్కువ వేడి కావాలి, అందుకే మరిగే ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది. లేత తీగ పాకం 106 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, అప్పటికి అందులో 80 శాతం చక్కెరే. అరిసెలకు కావాల్సిన ఉండ పాకం 112 నుంచి 116 డిగ్రీలు, 85 శాతం. పల్లీపట్టీకి 146 దాటాలి, నీళ్ళు దాదాపు పోయినట్టే. థర్మామీటరు పెట్టి పాకం కాచేవాళ్ళకు ఒక హెచ్చరిక: ఈ అంకెలు సముద్ర మట్టానివి. సుమారు 300 మీటర్లు ఎక్కితే ఒక డిగ్రీ తగ్గుతుంది. తిరుమల కొండ మీద నీళ్ళు 97 దగ్గరే కాగుతాయి కాబట్టి అక్కడ 115 దాకా ఆగితే ఉండ పాకం దాటి ముదిరిపోతుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి, పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చుట్టి చూసే అవ్వకు ఈ బాధ లేదు. ఆమె కొలిచేది ఉష్ణోగ్రతను కాదు, చిక్కదనాన్ని. చిక్కదనం కొండ మీదైనా కిందైనా ఒక్కటే. సైన్సు పాఠాల్లో మరుగు స్థానం చెప్పేటప్పుడు ఈ పళ్ళెం ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు.

ఈ పాకంలో తడి బియ్యప్పిండి పోసినప్పుడు ఇంకో పోటీ మొదలవుతుంది. పిండిలోని స్టార్చి గింజలకు ఉబ్బడానికి నీళ్ళు కావాలి. నీళ్ళేమో కంపార్ట్‌మెంట్లలో ఉన్నాయి, తలుపు తెరుచుకోదు. దాంతో స్టార్చి ఉడకాల్సిన ఉష్ణోగ్రత బాగా పైకి జరుగుతుంది. పిండి జావ కాకుండా మెత్తటి ముద్దగా నిలుస్తుంది, నూనెలో పడ్డాక పైన ఎర్రబడి లోపల మెత్తగా మిగులుతుంది. ఆ ఎరుపు కూడా బెల్లంలోని గ్లూకోజు, ఫ్రక్టోజు పిండిలోని ప్రొటీనుతో కలిసి తెచ్చేదే. పాకం లేతదైతే తిరిగే నీళ్ళు ఎక్కువై అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరితే చల్లారాక రాయి. మామూలు చక్కెర పాకంలో సుక్రోజు అణువులన్నీ ఒక్క తీరువి కాబట్టి వరస కట్టి గడ్డ కడతాయి. బెల్లంలో మూడు రకాల అణువులు కలిసి ఉండడంతో వరస కుదరదు, అరిసె మెత్తగా ఉంటుంది. చక్కెర పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండేదీ ఇందుకే. పులుపు కొంత సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విరగ్గొడుతుంది.

ఇప్పుడు షుగర్‌ఫ్రీ పొడి సంగతి తేల్చుకోవచ్చు. అలాంటి పొడుల్లో వాడే సుక్రలోజు చక్కెర కంటే సుమారు 600 రెట్లు తీపి. కిలో బియ్యం అరిసెలకు పట్టే ముప్పావు కిలో బెల్లం తీపికి సుక్రలోజు గ్రామున్నర కూడా అక్కర్లేదు. తీపి వచ్చేసింది, కంపార్ట్‌మెంట్లన్నీ కూల్చేశారు. భక్తులంతా రోడ్డు మీదే. పాకం రాదు, ముద్ద కుదరదు, ఎరుపెక్కదు, నిలవ ఉండదు. ఆస్పర్టేమ్ అనే ఇంకో తీపి పొడి అయితే వేడికి విడిపోయి ఉన్న తీపి కూడా పోగొట్టుకుంటుంది. అంగడి 'షుగర్‌ఫ్రీ' మిఠాయిల్లో ఎక్కువగా వాడే మాల్టిటాల్ మాత్రం నీళ్ళను పట్టుకోగలదు, అందుకే ఆ మిఠాయిలు మిఠాయిల్లాగే ఉంటాయి. కానీ అది రక్తంలో గ్లూకోజును కొంత పెంచుతుంది, 20, 30 గ్రాములు దాటితే కడుపుబ్బరం, విరేచనాలు. పిల్లలకు ఇంకా తక్కువకే. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివి కొనండి. బరువు తగ్గడానికి ఈ తీపి పొడుల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, ఇప్పటికే షుగరు ఉన్నవాళ్ళకు ఆ సలహా వర్తించదని కూడా అందులోనే ఉంది.

కాబట్టి దారి ఇది. చక్కెర నీళ్ళను కట్టేసే వంటల్లో పాళ్ళు మార్చకండి, సైజు మార్చండి. చక్కెర తీపికి మాత్రమే ఉన్న వంటల్లో ధైర్యంగా సగానికి కోసేయండి.

అరిసెలు మొదటి రకం. కిలో బియ్యం, ముప్పావు కిలో బెల్లం లెక్కన, పీల్చుకున్న నూనె కూడా కలిపితే మొత్తం బరువులో మూడో వంతు బెల్లం. 40 గ్రాముల అరిసెలో 13 గ్రాములు, అంటే రెండున్నర చెంచాలు. 20 గ్రాముల చిట్టి అరిసెలు ఒత్తుకుంటే ఒక్కోదాంట్లో ఆరేడు గ్రాములే. చిన్నవి నూనెలో తొందరగా ముదురుతాయి, మంట తగ్గించి త్వరగా తీసేయాలి.

శ్రీవారి లడ్డు కూడా మొదటి రకమే. దిట్టం (సరుకుల కొలతల పట్టిక) ప్రకారం 5,100 లడ్లకు 400 కిలోల చక్కెర, ఒక్కో లడ్డుకు 78 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 25 నుంచి 30 గ్రాముల లోపు అంది. తిరుపతిలో ఉన్నాక చుట్టాలొస్తే లడ్డు వస్తుంది, తప్పదు. ఎనిమిది ముక్కలు చేస్తే ముక్కకు పది గ్రాములు. ప్రసాదమంటే అసలు అంతే తినాలి, పళ్ళెంలో మూడు లడ్లు పెట్టుకునేది భక్తి కాదు.

ఓళిగలు (బొబ్బట్లు) రెండో రకం. అర కిలో శనగబేళ్ళకు అర కిలో బెల్లం వేసే చోట పావు కిలో చాలు. అయితే బేళ్ళు మెత్తగా ఉడికాక నీళ్ళు పూర్తిగా వంచేయాలి (ఆ కట్టు చారుకు వస్తుంది), వేడి మీదే మెదపాలి. బెల్లం తక్కువ కాబట్టి పూర్ణం పొయ్యి మీద తొందరగా గట్టిపడుతుంది. ఎప్పటిలాగే కలుపుతూ కూర్చుంటే చల్లారాక పగుళ్ళిచ్చి పిండిలోంచి బయటికొస్తుంది. కాస్త జారుగా ఉన్నప్పుడే దించి, రెండు చెంచాల నెయ్యి, గుప్పెడు పచ్చికొబ్బరి కలపండి. ఆ పూటే తినేయాలి, మిగిలితే ఫ్రిజ్‌లో, అదీ రెండు రోజులే.

పాయసం మరీ సులువు. లీటరు పాలను అర లీటరయ్యేదాకా సన్నటి సెగ మీద మరగనిస్తే పాలలోని లాక్టోజే రెట్టింపు చిక్కబడి కొంత తీపి ఇస్తుంది. 50 గ్రాముల బియ్యం, 40 గ్రాముల చక్కెరతో ఆరుగురికి సరిపోతుంది. యాలకులు, చిటికెడు ఉప్పు మరిచిపోవద్దు. వెచ్చగా వడ్డించండి. నాలుక మీది రుచి కణాల్లో టీఆర్‌పీఎమ్5 అనే ద్వారం ఉంది, 15 నుంచి 35 డిగ్రీల మధ్య వెచ్చదనం పెరిగేకొద్దీ అది ఎక్కువ తెరుచుకుంటుంది, తీపి అంత ఎక్కువగా తెలుస్తుంది. అదే పాయసం ఫ్రిజ్‌లోంచి తీస్తే చప్పగా ఉందని ఇంకో చెంచా వేస్తారు. బెల్లం వాడితే పాలు దించి కాస్త ఆరనిచ్చాక కలపాలి. బెల్లంలోని పులుపుకు, ఉప్పులకు కాగే పాలు విరుగుతాయి.

'నైవేద్యంలో తీపి లేకపోతే ఎట్లా' అనే పెద్దవాళ్ళకు చెప్పడానికి ఒక సంగతి. తిరుమలలో కులశేఖర పడి, అంటే గర్భగుడి గడప, దాటి లోపలికి వెళ్ళేది ఓటికుండలో పెట్టిన దద్దోజనం మాత్రమేనని ప్రతీతి. కాణిపాకం వినాయకుడికి ఇష్టమని చెప్పుకునే ఉండ్రాళ్ళలో పడేది బియ్యపురవ్వ, శనగబేళ్ళు, ఉప్పు. దేవుళ్ళ వైపు నుంచి అభ్యంతరం కనిపించడం లేదు.

తీపి మానేశామని మణుగుబూల (జంతికల) డబ్బా ముందేసుకుని కూర్చుంటే మాత్రం లెక్క తప్పుతుంది. బియ్యప్పిండిలోని స్టార్చి అంటే గ్లూకోజు అణువుల గొలుసు. పేగుల్లో తెగాక మొత్తం గ్లూకోజే. సుక్రోజులో సగమే గ్లూకోజు, మిగతా సగం ఫ్రక్టోజై కాలేయానికి పోతుంది. అందుకే తిన్నది రక్తంలో గ్లూకోజును ఎంతగా పెంచుతుందో చెప్పే గ్లైసెమిక్ సూచికలో చక్కెర 65 దగ్గరుంటే పాలిష్ బియ్యం 70 దాటుతుంది. 200 గ్రాముల పులిహోరలో 55 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. సగం లడ్డు తిన్నవాణ్ణి కోప్పడి రెండోసారి పులిహోర వడ్డించే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఫ్రక్టోజు మంచిదని కాదు, ఎక్కువైతే కాలేయంలో కొవ్వవుతుంది.

విస్తరిలో వరస మార్చినా తేడా వస్తుంది. మనకు తీపితో మొదలుపెట్టడం అలవాటు. కూర, పప్పు ముందు తిని, అన్నం తర్వాత, తీపి చివర తింటే అదే భోజనానికి గ్లూకోజు తక్కువగా ఎగుస్తుంది. భోజనమయ్యాక పావుగంట నడవండి.

పిల్లలు తీపి తింటే గంతులేస్తారన్నది అపోహ. తల్లిదండ్రులకూ పిల్లలకూ ఎవరికి చక్కెర ఇచ్చారో తెలియకుండా చేసిన పరీక్షలను 1995లో కలిపి చూస్తే ప్రవర్తనలో తేడా కనిపించలేదు. గంతులు చుట్టాల ఇంటివల్ల. పళ్ళ సంగతి మాత్రం నిజం. నోటిలోని స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ సుక్రోజుతో జిగురు తయారుచేసుకుని పంటికి అతుక్కుంటుంది, పుల్లటి ఆమ్లం వదులుతుంది. ఎంత తిన్నారన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. రెండు అరిసెలు భోజనంతో ఒకేసారి తినిపించడం, రోజంతా డబ్బాలోంచి ముక్క ముక్క తీసుకోనివ్వడం కంటే నయం. సంక్రాంతి చెరుకు కూడా నమలనివ్వండి, రసం తాగించకండి. గ్లాసు రసంలో 25 గ్రాములకు పైనే చక్కెర.

చక్కెర మానేసిన ఇంట్లోనూ ఒక పొట్లం ఉండి తీరాలి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ జాతి మాత్రలు గానీ వాడేవాళ్ళు పండగ ఉపవాసమని తిండి ఆలస్యం చేసినా, మొక్కని అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినా గ్లూకోజు 70 కిందికి జారొచ్చు. చెమట, వణుకు, తికమక మాటలు కనిపిస్తే 15 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి, మళ్ళీ పరీక్షించి, ఇంకా తక్కువుంటే మరో 15 గ్రాములు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి. మామూలుగా మూడు చెంచాల చక్కెర కూడా పనికొస్తుంది. కానీ వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు కూడా వాడేవాళ్ళకు చక్కెర పెట్టి లాభం లేదు, ఆ మాత్రలు సుక్రోజును విడగొట్టే ఎంజైమునే ఆపేస్తాయి. వాళ్ళకు గ్లూకోజు పొడే కావాలి. లడ్డు అప్పుడు ఇంకా పనికిరాదు, అందులోని నెయ్యి జీర్ణాన్ని ఆలస్యం చేస్తుంది. షుగర్‌ఫ్రీ మిఠాయి అసలే పనికిరాదు. మెట్ల దారి పట్టేముందు మాత్రల పేర్లు డాక్టరుకు చూపించి, గ్లూకోజు పొట్లం చెప్పుల సంచిలో కాకుండా జేబులో పెట్టుకోండి.