ఫాంటసీ నవలలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఫాంటసీలో ఏదైనా జరగొచ్చు, తర్కంతో పనిలేదు.

వాస్తవం: తర్కం ఎక్కువ కావాల్సింది ఇక్కడే. మామూలు నవలలో మనిషి మేడమీంచి దూకితే ఏమవుతుందో రచయిత చెప్పక్కర్లేదు. ఫాంటసీలో చెప్పాలి, అదీ దూకకముందే చెప్పాలి. ఫాంటసీ నవలాకారుడు బ్రాండన్ శాండర్సన్ 2007లో ఒక వ్యాసంలో దీన్ని సూత్రంగా పెట్టాడు. మాయ ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ఎంత బాగా తెలిస్తే, ఆ మాయతో కథలో చిక్కు విప్పే వీలు రచయితకు అంత ఉంటుందని దాని సారం. అంతవరకూ ఊసే లేని మంత్రంతో ఆఖరి అధ్యాయంలో హీరో గెలిస్తే మనకు ఒళ్లు మండేది అందుకే.

ఎన్.కె. జెమిసిన్ ‘ది ఫిఫ్త్ సీజన్’ (2015) తీసుకోండి. అందులో ఒరోజీన్లు భూకంపాన్ని ఆపగలరు, తెప్పించగలరు. కానీ ఆ శక్తి ఊరికే రాదు. చుట్టుపక్కల వేడిని లాగేసుకుంటే చుట్టూ వలయంలా మంచు కమ్ముకుంటుంది, ఆ వలయంలో చిక్కిన ప్రాణి గడ్డకట్టి చచ్చిపోతుంది. ఈ ఒక్క నియమం మీదే అక్కడి సమాజమంతా నిలబడింది. జనానికి వాళ్లంటే భయం. అలాంటి పిల్లల్ని పట్టుకెళ్లి తర్ఫీదిచ్చే సంస్థ ఒకటి, వాళ్ల మెడమీద కత్తిలా కాపలాదార్లు. నా లెక్కలో ఇటీవలి ఫాంటసీలో ఇంత బిగువుగా అల్లిన లోకం మరొకటి లేదు.

ఏ నవలకైనా ఇదే గీటురాయి: ఈ శక్తి ఏం చేయలేదు? వాడితే నష్టం ఎవరికి? ఈ రెండూ అవసరం పడకముందే మనకు చెప్పారా? మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువ పుస్తకాలు దొరికిపోతాయి.

అపోహ: మాయలుంటే డిటెక్టివ్ కథ నడవదు.

వాస్తవం: నియమాలు ముందే చెబితే భేషుగ్గా నడుస్తుంది. రాబర్ట్ జాక్సన్ బెన్నెట్ ‘ది టెయింటెడ్ కప్’ (2024)లో ఒక అధికారి ఒంట్లోంచి చెట్టు పొడుచుకొచ్చి చనిపోతాడు. పరిశోధకురాలు ఆనా ఇల్లు కదలడం తక్కువ, కళ్లకు గంతలు కట్టుకుని ఉంటుంది. ఆమె సహాయకుడు డిన్‌కు చూసిందేదీ మరపు రాదు, సీసాల్లోని వాసనల సాయంతో జ్ఞాపకాలను బయటికి తీస్తాడు. అతను చూసిందంతా మనమూ చూస్తాం కాబట్టి ఆధారాలు మన కళ్లెదుటే ఉంటాయి. ఈ నవలకు 2025లో, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది.

అపోహ: మొదటి యాభై పేజీలు తలకెక్కలేదంటే పుస్తకం బాగాలేదు, లేదా మనకు తెలివి చాలదు.

వాస్తవం: రెండూ కాకపోవచ్చు. కొత్త ఊరికి వెళ్లినవాడికి దారులు తెలియకపోవడం లాంటిదిది, చాలామంది రచయితలు కావాలనే అలా వదులుతారు. పేర్లు బట్టీ పట్టొద్దు. ఎవరికి ఎవరంటే భయం, ఎవరి మాట చెల్లుతోంది అన్నది గమనిస్తే పేర్లు వాటంతటవే అతుక్కుంటాయి. క్యాథరిన్ ఆడిసన్ ‘ది గాబ్లిన్ ఎంపరర్’ (2014)లో ఒకే ఇంటిపేరు మగవాళ్లకు ఒకలా, ఆడవాళ్లకు ఇంకోలా మారుతుంది. మొదట తల తిరుగుతుంది. అయితే కొత్తగా గద్దెనెక్కిన మాయాకూ ఆ దర్బారు కొత్తే, అతనితో పాటే మనమూ నేర్చుకుంటాం.

పాత్ర ఎవరో మరచిపోతే పుస్తకం చివర పట్టిక చూడండి, లేదా ఇ-బుక్‌లో ఆ పేరు వెతికి మొదటిసారి కనిపించిన చోటికి వెళ్లండి. అభిమానుల వికీ మాత్రం తెరవొద్దు, మొదటి వాక్యంలోనే పాత్ర చావు రాసి ఉంటుంది. ‘ది ఫిఫ్త్ సీజన్’ విషయంలో మరీ జాగ్రత్త. అందులో ముగ్గురి కథలు విడివిడిగా నడుస్తాయి, ఒకరిది ‘నువ్వు’ అంటూ సాగుతుంది. ఎందుకలా అన్నది పుస్తకమే చెప్పాలి.

వదిలేయాల్సినవీ ఉంటాయి. ఇద్దరికీ తెలిసిన సంగతినే ఒకరికొకరు వివరంగా చెప్పుకుంటున్నా, పావు వంతు అయ్యేసరికి ఎవరికి ఏం కావాలో తెలియకపోయినా మొహమాటపడకండి.

అపోహ: లావుపాటి సిరీసే అసలైన ఫాంటసీ.

వాస్తవం: సుసానా క్లార్క్ 2004లో 800 పేజీలకు దగ్గరగా, ఫుట్‌నోట్లతో సహా ఒక నవల రాసింది. అదే రచయిత్రి ‘పిరనేసి’ (2020) 300 పేజీలైనా లేదు, 2021లో, మహిళలు రాసిన నవలలకిచ్చే విమెన్స్ ప్రైజ్ గెలిచింది. సిరీస్ మొదలుపెట్టే ముందు అది పూర్తయిందో లేదో చూసుకోండి. ‘ది ఫిఫ్త్ సీజన్’తో మొదలైన జెమిసిన్ మూడు భాగాలూ 2015, 2016, 2017ల్లో వరసగా వచ్చేశాయి. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ సిరీస్‌లో అయిదో భాగం 2011లో వచ్చింది, ఆరోదాని కోసం పాఠకులు చాలా ఏళ్లు ఎదురుచూశారు.

అపోహ: అవార్డు వస్తే అందరికీ నచ్చుతుంది.

వాస్తవం: ఎవరు ఎంచారో చూడాలి. హ్యూగోకు వరల్డ్‌కాన్ (ఏటా జరిగే సైన్స్ ఫిక్షన్ అభిమానుల సదస్సు) సభ్యులు ఇష్టాన్ని బట్టి వరస క్రమంలో ఓటేస్తారు, కాబట్టి ఎక్కువమందికి పరవాలేదనిపించిన పుస్తకానికి మొగ్గు ఉంటుంది. అదే కోవలోని నెబ్యులా అవార్డుకు ఓటేసేది సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం సభ్యులు, వరల్డ్ ఫాంటసీ అవార్డు విజేతను న్యాయనిర్ణేతలు తేలుస్తారు. ఆర్.ఎఫ్. క్వాంగ్ ‘బేబల్’ (2022) నెబ్యులా గెలిచింది, చైనాలోని చెంగ్డూలో జరిగిన 2023 హ్యూగోలో మాత్రం కారణం చెప్పకుండానే అనర్హమన్నారు. అందుకే విజేతను ఒక్కదాన్నే కాక తుది జాబితా మొత్తాన్ని చూడాలి.

అపోహ: రొమాంటసీ (ప్రేమకథే ప్రాణంగా సాగే ఫాంటసీ) అంటే చేతగాని రాత.

వాస్తవం: దాన్ని ప్రేమకథ కొలతతో కొలవాలి. రెబెకా యారోస్ ‘ఫోర్త్ వింగ్’ (2023)లో లోకం పలచనే. అయినా నాయిక సన్నని గోడ మీద నడుస్తూ, భయం పోవడానికి చరిత్ర పాఠాలు వల్లె వేసుకుంటుంది. మనకు తెలియాల్సిన సమాచారం అలా పాత్ర అవసరంగా వచ్చింది. ఇది పనితనమే.

అపోహ: దక్షిణాసియా ఫాంటసీ అంటే పురాణాన్ని తిరగరాయడమే.

వాస్తవం: తాషా సూరి ‘ది జాస్మిన్ థ్రోన్’ (2021) తనదైన సామ్రాజ్యాన్ని కట్టుకుంది, 2022లో వరల్డ్ ఫాంటసీ అవార్డు తెచ్చుకుంది. శ్రీలంక రచయిత వజ్ర చంద్రశేఖర ‘ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్’ (2023) ఇంకా ముందుకెళ్లింది. పుట్టగానే తల్లి కొడుకు నీడను చీల్చేస్తుంది, మహాపురుషుడిగా జనం కొలిచే తండ్రిని చంపడానికి పెంచుతుంది. ఆ కొడుకు నగరానికొచ్చి, కారణజన్ములు కావాల్సి కాలేకపోయినవాళ్లతో కలిసి కూర్చుంటాడు. బుద్ధుడి కొడుకు రాహులుడి కథ తెలిసినవాళ్లకు తండ్రీకొడుకుల సన్నివేశాలు రెండింతలు తగులుతాయి. ఈ రచయితను దీంతోనే మొదలుపెట్టండి. ‘రేక్స్‌ఫాల్’ (2024) జన్మలూ యుగాలూ దాటుతూ రూపం మార్చుకుంటూ పోతుంది, అది తర్వాత చదవాల్సింది.