పొట్లం కొస మీద చీమ

పర్లాకిమిడిలో నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే డిగ్రీ కుర్రాడొకడు శనగలు తినేసి, ఖాళీ పొట్లం కొస చూపించాడు. “మాస్టారూ, ఇక్కడ టాంజెంట్ ఎటు గీయాలి?”

ఎటూ గీయలేం. అలాంటి చోటునే సింగులారిటీ అంటారు. వాస్తు పంతులు ఇంటి మూల చూసి కంగారు పెట్టినట్టే, మన లెక్కల పుస్తకాలూ ఆ బిందువు రాగానే ‘దీన్ని మినహాయించి’ అని తప్పుకుంటాయి. అసలు రుచంతా అక్కడే ఉంది.

1968లో జాన్ నాష్ (1994లో అర్థశాస్త్రానికి నోబెల్ అందుకున్నాయనే) ఒక దారి చూపాడు. కొసను వదిలేసి, కొస నుంచి బయల్దేరే చీమల్ని చూడమన్నాడు. చీమ నడిచే దారి పేరు ఆర్క్.

పొట్లం సమీకరణం క×ఖ = గ² అనుకోండి (విలువలు కాంప్లెక్స్ సంఖ్యలు). కాలం ట. ట సున్నా అయినప్పుడు చీమ కొస మీద ఉంటుంది. క, ఖ, గ ఒక్కోటీ ట ఎన్నో ఘాతంతో మొదలవుతుందో రాస్తే మూడు అంకెలొస్తాయి. గుణిస్తే ఘాతాలు కలుస్తాయి కదా, అందుకే మొదటి రెండూ కలిపితే మూడోదానికి రెట్టింపు: (1,1,1), (1,3,2), (2,2,2)... ఈ పొట్లం లాంటి ఆకారాలను టోరిక్ వెరైటీలు అంటారు. వాటి సుగుణం ఇదే. వాటి సమీకరణాల్లో రెండు వైపులా గుణకారాలే కాబట్టి జ్యామితి కాస్తా ఒకటో తరగతి కూడికల్లోకి దిగుతుంది.

(1,3,2) చీమను తీసుకోండి: క = ట, ఖ = ట³, గ = ట². దీన్ని కాస్త కదిపి గ = ట(ట+స), ఖ = ట(ట+స)² చేద్దాం. గుణించి చూసుకోండి, సమీకరణం చెడలేదు. కానీ స సున్నా కాకపోతే చాలు, అది (1,1,1) చీమైపోయింది! కొద్దిగా కదిపితే అంకెలు తగ్గొచ్చు, పెరగవు. ఇలా అన్ని చీమలూ (1,1,1) కుటుంబంలోకే వస్తాయి.

ఇప్పుడు క×ఖ = గ³. అన్నిటికన్నా చిన్నవి (1,2,1), (2,1,1). ఒకటి ఇంకోటిగా మారాలంటే ఏదో ఒక అంకె పెరగాలి. కుదరదు. కాబట్టి రెండు కుటుంబాలు. గ⁴ అయితే మూడు. ఆ కొసను నునుపు చేస్తే దాని స్థానంలో పుట్టుకొచ్చే వక్రరేఖలు కూడా గ², గ³, గ⁴లకు సరిగ్గా ఒకటి, రెండు, మూడు!

చీమల కుటుంబాలకూ, నునుపు చేస్తే పుట్టేవాటికీ ఈ లెక్క ఎప్పుడూ సరిపోతుందా అన్నదే నాష్ ప్రశ్న. ఆయన వ్యాసం అచ్చయింది మాత్రం 1995లో. టోరిక్ వాటికి సరిపోతుందని 2003లో ఇషీ, కొల్లార్ నిరూపించారు. నాలుగు కొలతల్లో తప్పే ఉదాహరణ చూపించిందీ వాళ్లే. ఉపరితలాలన్నిటికీ సరేనని 2012లో బోబడిల్యా, పె పెరెయిరా తేల్చారు.

“మరి గ⁵కి ఎన్నిరా?” అన్నాను. కుర్రాడు పొట్లం విప్పాడు. ఒడియా పేపరు. దాని అంచున (1,4,1), (2,3,1) అని మొదలెట్టి, నాలుగు రాసి ఆగాడు.