విండోస్ పక్కన లినక్స్: అపోహలు – వాస్తవాలు

ఇంట్లో వాడుకునే కంప్యూటర్లలో విండోస్‌ని అలాగే ఉంచి పక్కన లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేసిపెట్టడం నేను ఏళ్లుగా చేస్తున్న పని. వేయించుకోవాలనుకునేవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది "కమాండ్లు నేర్చుకోవాలా?" అని. నేను తిరిగి అడిగేది "మీ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందా?" అని, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం పడి ఉందా అని. ఈ రెండో ప్రశ్నకి జవాబు తెలిసినవాళ్లు చాలా తక్కువ. డ్యూయల్ బూట్ (ఒకే కంప్యూటర్లో రెండు సిస్టమ్‌లు) చుట్టూ ఉన్న అపోహలన్నీ ఇలాంటివే. అక్కర్లేని చోట భయం ఉంటుంది, జాగ్రత్త పడాల్సిన చోట ధీమా ఉంటుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకపోవడం వల్ల విండోస్ 11కి వెళ్లలేనివాళ్లు కూడా ఇప్పుడు లినక్స్ వైపు చూస్తున్నారు. అందుకే తరచూ వినే మాటలన్నీ ఒకచోట పెడుతున్నాను.

అపోహ: రెండు సిస్టమ్‌లు వేస్తే కంప్యూటర్ స్లో అయిపోతుంది

కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు రెండిట్లో ఏదో ఒకటే నడుస్తుంది. రెండోది డిస్క్ మీద ఊరికే పడి ఉంటుంది, ర్యామ్‌నీ ప్రాసెసర్‌నీ ముట్టుకోదు. ఖర్చయ్యేది డిస్క్‌లో చోటు మాత్రమే. ఉబుంటు అనే లినక్స్ రకానికి (ఇలాంటి రకాలనే డిస్ట్రోలంటారు) 25 జీబీ చాలంటారు కానీ నేను 50 కంటే తగ్గించను, తర్వాత పెంచడం ఇప్పుడు ఇవ్వడమంత తేలిక కాదు కాబట్టి. అయితే ఇప్పటికే అంచుదాకా నిండిన ఎస్‌ఎస్‌డీలోంచి ఇంకా కోసి తీసుకుంటే విండోస్ నిజంగానే నెమ్మదిస్తుంది. అలాంటప్పుడు ముందు డిస్క్ మార్చుకోండి.

అపోహ: లినక్స్ వేస్తే ఫైళ్లన్నీ పోతాయి

ఇన్‌స్టాలర్ తనంతట తాను ఏదీ చెరపదు. ప్రమాదమంతా ఒక్క స్క్రీన్ దగ్గర ఉంది. డిస్క్ మొత్తం చెరిపేసి వేయాలా, ఉన్న విండోస్ పక్కన వేయాలా అని అది అడుగుతుంది. అక్కడ చదవకుండా ముందుకి నొక్కేస్తేనే ఫైళ్లు పోయేది. ఆ స్క్రీన్ దగ్గర ఆగండి. ఏ డిస్క్, ఎంత సైజు, ఏ పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) అన్నది పైకి చదువుకుని మరీ నొక్కండి.

చోటు ఖాళీ చేసే పని మాత్రం విండోస్ చేతనే చేయించండి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేస్తే ష్రింక్ వాల్యూమ్ అని ఉంటుంది. ఒక్కోసారి డ్రైవ్‌లో బోలెడంత ఖాళీ కనిపిస్తున్నా కొంచెమే ఇస్తానంటుంది. పేజ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు, రిస్టోర్ పాయింట్ల వంటి కదపడానికి వీల్లేనివి డ్రైవ్ మధ్యలో కూర్చుని ఉండటమే కారణం. వాటిని తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ప్రయత్నించండి. పనయ్యాక తిరిగి పెట్టుకోవచ్చు. అలా వచ్చిన ఖాళీని ఖాళీగానే వదిలేయండి, అక్కడ కొత్త డ్రైవ్ తయారు చేయొద్దు. బయోస్ అనే పాత పద్ధతిలో ఆన్ అయ్యే కంప్యూటర్లలో, ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో విడగొట్టిన డిస్క్‌కి ఇది మరీ ముఖ్యం. దానిలో నాలుగు ప్రైమరీ పార్టిషన్లే పడతాయి. నాలుగూ నిండాక ఇంకొకటి చేయబోతే డిస్క్‌ని డైనమిక్ అనే విండోస్ సొంత పద్ధతికి మార్చనా అని విండోస్ అడుగుతుంది. సరేనన్నారంటే లినక్స్ ఇన్‌స్టాలర్‌తో తిప్పలు మొదలవుతాయి, దాన్ని వెనక్కి మార్చడం ఇంకా పెద్ద పని.

బ్యాకప్ మాట ఎత్తగానే "డి డ్రైవ్‌లో కాపీ ఉంది" అనేవాళ్లు ఎక్కువ. సి, డి చాలా కంప్యూటర్లలో ఒకే డిస్క్ మీది రెండు ముక్కలు. డిస్క్ పోతే రెండూ పోతాయి. కాపీ వేరే డిస్క్‌లో ఉండాలి. పని జరుగుతున్నంతసేపూ ఆ డిస్క్ కేబుల్ పీకేసి పక్కన ఉండాలి. కాపీ చేశాక అందులోంచి నాలుగు ఫైళ్లు తెరిచి చూడకుండా నేను లినక్స్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టను.

అపోహ: నేను ఎన్‌క్రిప్షన్ పెట్టలేదు, కాబట్టి నా కంప్యూటర్లో లేదు

ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైనది. విండోస్ 11 కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లాగిన్ అయినప్పుడే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయిపోవచ్చు. హోమ్ ఎడిషన్‌లో కూడా. రోజూ పాస్‌వర్డో పిన్నో కొట్టి లోపలికి వెళ్తుంటారు కాబట్టి లోపల డిస్క్‌కి తాళం పడిందన్న సంగతే తెలియదు.

ఆ తాళం టీపీఎం చిప్ చేతిలో ఉంటుంది. కంప్యూటర్ ఏ వరుసలో, ఏ సెట్టింగులతో ఆన్ అవుతోందో టీపీఎం గమనిస్తుంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రాములనే లేవనిచ్చే ఏర్పాటు) ఆపినా, బూట్ అయ్యే దారి మారినా అనుమానించి తాళం తీయదు. అప్పుడు నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. సెట్టింగులు మళ్లీ పాతలాగే పెట్టినా తాళం తీయక, ఆ అకౌంట్ ఎవరిదో, పాస్‌వర్డ్ ఏమిటో కూడా గుర్తులేకపోతే ఆ డిస్క్‌లోని ఫైళ్లు ఎవరూ తెచ్చివ్వలేరు. నేనే కాదు, ఎంత అనుభవజ్ఞుడైనా తెచ్చివ్వలేడు. ఇది చెప్పేటప్పుడు నేను మాట మెత్తబరచను.

కాబట్టి మొదటి పని ఇది: సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూడండి. ప్రో ఎడిషన్ అయితే బిట్‌లాకర్ (ఇదీ డిస్క్ ఎన్‌క్రిప్షనే) కూడా చూడండి. ఆన్‌లో ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసుకోండి, లేదా ఇంకో పరికరంలో దాచుకోండి. రాసుకున్న కీ ఈ కంప్యూటర్‌దేనా అని కీ ఐడీతో సరిపోల్చుకోండి. ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆపేసి, డీక్రిప్షన్ ముగిసేదాకా ఆగి, అప్పుడు పార్టిషన్ పని మొదలుపెట్టండి. లినక్స్ కుదురుకున్నాక తిరిగి ఆన్ చేసుకోవచ్చు.

అపోహ: షట్‌డౌన్ చేస్తే విండోస్ పూర్తిగా ఆగిపోయినట్టే

2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒక సౌకర్యం ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు మూతపడతాయి కానీ, విండోస్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) మాత్రం తన స్థితిని డిస్క్ మీద రాసుకుని నిద్రపోతుంది. సి డ్రైవ్ ఇంకా దాని చేతిలోనే ఉన్నట్టు లెక్క. ఆ సమయంలో లినక్స్‌లోంచి ఆ డ్రైవ్‌లో ఏదైనా రాస్తే, విండోస్ లేచి తన పాత లెక్క ప్రకారం పనిచేసి ఫైల్ సిస్టమ్‌ని చెడగొట్టుకుంటుంది. అందుకే లినక్స్ ఆ డ్రైవ్‌ని తెరవనంటుంది, లేదా చదవడానికి మాత్రమే ఇస్తుంది. దాన్ని చూసి "లినక్స్‌లో నా ఫైళ్లు పనిచేయవు" అనుకుంటారు చాలామంది. నిజానికి అది మీ ఫైళ్లను కాపాడుతోంది. కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్లో తేడా పెద్దగా తెలియదు కూడా. అలాగే ఒక సిస్టమ్‌ని హైబర్నేట్‌లో పెట్టి రెండోదాంట్లోకి వెళ్లే అలవాటు చేసుకోవద్దు.

అపోహ: సెక్యూర్ బూట్ ఆపితే తప్ప లినక్స్ ఎక్కదు

పాత వీడియోలు చూసి ఇంకా ఇదే చేస్తున్నారు. ఉబుంటు 2012 నుంచీ, డెబియన్ అనే ఇంకో డిస్ట్రో 2019లో వచ్చిన పదో వెర్షన్ నుంచీ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే ఎక్కుతున్నాయి. ఫెడోరా కూడా అంతే. షిమ్ అనే చిన్న ప్రోగ్రాముకి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది. ఫర్మ్‌వేర్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాము) దాన్ని నమ్ముతుంది, షిమ్ గ్రబ్‌ని (ఏ సిస్టమ్ కావాలో అడిగే బూట్ మెనూని) పరీక్షించి పైకి తెస్తుంది. కొన్ని డిస్ట్రోలకి ఈ ఏర్పాటు లేదు, వాటికైతే ఆపాల్సిందే. కానీ మొదటిసారి వేసుకునేవాళ్లకి ఆ డిస్ట్రోలు నేను సూచించను.

చిక్కు వచ్చేది ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ దగ్గర. అది కెర్నల్‌తో పాటు సంతకమై రాకపోతే మీ కంప్యూటరే ఒక కీ తయారు చేసి దానిపై సంతకం పెడుతుంది. ఆ కీని షిమ్‌కి పరిచయం చేయాలి. ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ కాగానే నీలం రంగు స్క్రీన్ వచ్చి ఏదైనా కీ నొక్కమని పది సెకన్లు ఎదురుచూస్తుంది. అప్పుడు నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే (కీని నమోదు చేయి అని అర్థం) ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది ఆ పది సెకన్లూ చూస్తూ ఉండిపోతారు. అది దాటిపోయి డ్రైవర్ లోడ్ కాక, స్క్రీన్ రిజల్యూషన్ పాడై, "లినక్స్ నా గ్రాఫిక్స్ కార్డుకి సరిపడదు" అనుకుంటారు.

ఇది అపోహ కాదు గానీ ఇక్కడే చెప్పాలి. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించదు. స్టోరేజ్ కంట్రోలర్ ఆర్‌ఎస్‌టీ అనే ఇంటెల్ సొంత పద్ధతిలో ఉండటం అందుకు కారణం. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి, కానీ నేరుగా మార్చేస్తే విండోస్ బూట్ కాదు. ముందు విండోస్ సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, ఫర్మ్‌వేర్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేవనిచ్చి, అప్పుడు మామూలు మోడ్‌కి తేవాలి. ఈ వరుస తప్పకూడదు.

అపోహ: విండోస్ అప్‌డేట్ వస్తే లినక్స్ చెరిగిపోతుంది

చెరిగిపోదు. పెద్ద అప్‌డేట్ తర్వాత కొన్నిసార్లు బూట్ వరుసలో విండోస్ ముందుకి వస్తుంది. గ్రబ్ మెనూ రాకపోయేసరికి లినక్స్ పోయిందనుకుంటారు. ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లోకి వెళ్లి వరుస సరిచేస్తే ఉన్నది ఉన్నట్టే వస్తుంది. 2024 ఆగస్టులో మాత్రం నిజమైన ఇబ్బంది వచ్చింది. గ్రబ్‌లోని పాత భద్రతా లోపాన్ని అడ్డుకోవడానికి విండోస్ అప్‌డేట్ తెచ్చిన మార్పు వల్ల, పాత షిమ్ ఉన్న లినక్స్‌లు చాలా కంప్యూటర్లలో బూట్ కాలేదు. అప్పుడు కూడా ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. లినక్స్‌ని కూడా అప్‌డేట్ చేస్తూ ఉండమని నేను పట్టుబట్టేది ఇందుకే.

దీనికి ఎదురుగా ఇంకో గాబరా ఉంది: లినక్స్ వేశాక మెనూలో విండోస్ కనిపించకపోవడం. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి వేరే సిస్టమ్‌లని వెతికే ఓఎస్ ప్రోబర్ మొదట్లోనే ఆపి ఉంటుంది. గ్రబ్ సెట్టింగుల ఫైలులో దాన్ని అనుమతించి, మెనూ మళ్లీ తయారు చేయిస్తే విండోస్ వచ్చేస్తుంది. ఈలోగా ఫర్మ్‌వేర్ బూట్ మెనూ నుంచి విండోస్‌లోకి ఎప్పుడైనా వెళ్లొచ్చు.

గడియారం తప్పు చూపించడం కూడా ఇలాంటి చిన్న విషయమే. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని లినక్స్ అనుకుంటుంది. లినక్స్‌నే విండోస్ పద్ధతికి మార్చితే ఒక్క కమాండ్‌తో పోతుంది.

అపోహ: కమాండ్లు రానివాళ్లకి లినక్స్ కుదరదు

బ్రౌజర్, డాక్యుమెంట్లు, వీడియోలు, ప్రింటింగ్, అప్‌డేట్లు, ఇవన్నీ ఉబుంటులోనూ మింట్‌లోనూ మౌస్‌తోనే అయిపోతాయి. పైన చెప్పిన గ్రబ్, గడియారం లాంటి ఒకటి రెండు పనులకి టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరవాలి. ఒక్క జాగ్రత్త: అర్థం కాని కమాండ్‌ని, ముఖ్యంగా సుడో (పూర్తి అధికారంతో నడపమని అర్థం) అని మొదలయ్యేదాన్ని, ఎక్కడినుంచో తెచ్చి అతికించకండి.

అపోహ: లినక్స్‌కి వైరస్ రాదు

ఇంటి కంప్యూటర్ల మీద దాడులు తక్కువన్నది నిజం. అసలే రావన్నది నిజం కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో కావాలని దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి ఇంకో కంప్యూటర్లోకి వెళ్లే దారి) లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వి పట్టుకున్నాడు. అది పెద్ద డిస్ట్రోల స్థిరమైన వెర్షన్లలోకి చేరకముందే దొరికింది. సోర్సు అందరికీ తెరిచి ఉండటం వల్ల అలా తవ్వి చూడటం సాధ్యమైంది. కానీ చూసేవాళ్లు ఉంటేనే ఆ మేలు. సాఫ్ట్‌వేర్‌ని డిస్ట్రో ఇచ్చే చోటునుంచే తీసుకోండి.

అపోహ: ఎంత పాత కంప్యూటర్‌కైనా లినక్స్ ప్రాణం పోస్తుంది

ఇది లినక్స్ అభిమానులు పుట్టించిన అపోహ, నేను లినక్స్ మనిషినైనా ఒప్పుకోను. 2 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లో సిస్టమ్ తేలిగ్గానే లేస్తుంది, కానీ బ్రౌజర్లో నాలుగు ట్యాబులు తెరవగానే మళ్లీ మొదటికొస్తుంది. అంత ర్యామ్ తినేది వెబ్ పేజీలు, అవి ఏ సిస్టమ్‌లోనైనా అంతే తింటాయి. 32 బిట్ ప్రాసెసర్లకైతే దారులు మూసుకుపోతున్నాయి. ఉబుంటు 2017లోనే 32 బిట్ డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్ ఆపేసింది, 2025లో వచ్చిన డెబియన్ 13కి కూడా అది లేదు. 4 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే మాత్రం పాత 64 బిట్ కంప్యూటర్ చక్కగా పనిచేస్తుంది.

అపోహ: విండోస్‌లో వాడేవన్నీ ఇందులోనూ నడుస్తాయి

నడవవు. ఫోటోషాప్ లినక్స్‌కి లేదు. 2018లో వచ్చిన ప్రోటాన్ (విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) వల్ల ఎన్నో ఆటలు నడుస్తున్నాయి, కానీ కెర్నల్ స్థాయిలో యాంటీ చీట్ (ఆటలో మోసాన్ని పట్టే ప్రోగ్రాము) పెట్టే ఆన్‌లైన్ ఆటలు కొన్ని నడవవు. డ్యూయల్ బూట్ ఉన్నది ఇలాంటి అవసరాల కోసమే. మీ వైఫై, సౌండ్, స్లీప్ పనిచేస్తాయో లేదో మాత్రం ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే తెలుసుకోవచ్చు: పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌లో బూట్ చేసి ఒక పూట వాడండి.

అపోహ: నచ్చకపోతే లినక్స్ పార్టిషన్ డిలీట్ చేస్తే చాలు

అలా చేస్తే మర్నాడు నల్ల స్క్రీన్ మీద గ్రబ్ అన్న అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. గ్రబ్ మొదటి ముక్క ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో (సిస్టమ్‌లు లేవడానికి కావాల్సిన ఫైళ్లుండే చిన్న భాగంలో) ఉంటుంది. అది లేచి, మిగతా భాగం కోసం మీరు డిలీట్ చేసిన చోట వెతుకుతుంది. ముందు ఫర్మ్‌వేర్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని వరుసలో మొదటికి తెచ్చి, విండోస్ నేరుగా లేస్తోందని ఒకటికి రెండుసార్లు చూసుకుని, అప్పుడు లినక్స్ పార్టిషన్లు తీసేయండి. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని మాత్రం ముట్టుకోవద్దు, విండోస్ లేచేది కూడా దానినుంచే. పాత బయోస్ కంప్యూటర్ అయితే విండోస్ రికవరీ డిస్క్‌తో ఎంబీఆర్‌ని (ఇక్కడ డిస్క్ మొదట్లో ఉండే బూట్ భాగాన్ని) ముందు బాగుచేయాలి. ఖాళీ అయిన చోటు సి డ్రైవ్‌కి ఆనుకుని కుడివైపున ఉంటేనే అందులో కలుస్తుంది; మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డు ఉంటే ఆ చోటుని వేరే డ్రైవ్‌గా చేసుకుని వాడుకోండి.