మజెరాస్కీ గ్లవ్, హాల్ ఆఫ్ ఫేమ్ వాదన

ఫీల్డింగ్ ఒక్కటే చూసి ఒక ఆటగాడికి మేటి ఆటగాళ్లను గౌరవించే అమెరికా బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటివ్వొచ్చా? ఈ వాదన వచ్చినప్పుడల్లా ముందు వినిపించే పేరు బిల్ మజెరాస్కీ.

1936లో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో పుట్టిన ఇతన్ని పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు 17 ఏళ్లకే షార్ట్‌స్టాప్‌గా (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్‌గా) తీసుకుంది. సెకండ్ బేస్‌కు మార్చింది ఆ జట్టు జనరల్ మేనేజర్ బ్రాంచ్ రికీ. 1956 నుంచి 1972 దాకా 17 సీజన్లూ అదే జట్టుకు ఆడాడు.

సెకండ్ బేస్‌మన్ పనితనం డబుల్ ప్లేలో, అంటే ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేయడంలో బయటపడుతుంది. ఫస్ట్ బేస్‌లో రన్నర్ ఉండగా నేలబారు బంతి షార్ట్‌స్టాప్‌కు వెళ్తుంది. అతను విసిరిన బంతిని సెకండ్ బేస్‌మన్ బేస్ మీద కాలుంచి అందుకోవాలి, ఒళ్లు తిప్పి 90 అడుగుల దూరంలోని ఫస్ట్ బేస్‌కు విసరాలి. చూపు షార్ట్‌స్టాప్ వైపు ఉంటుంది. రన్నర్ మాత్రం రెండో పక్క నుంచి కాళ్ల మీదికి జారుతూ వస్తాడు. భయపడి ముందే ఎగిరితే విసురులో బలం పోతుంది. గ్లవ్ లోతుగా ఉంటే బంతి అడుగుకు దిగిపోతుంది, వేళ్లతో వెతుక్కునేలోగా బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరిపోతాడు. అందుకే మజెరాస్కీ చిన్న గ్లవ్ వాడేవాడు. బంతి అందులో ఆగినట్టే ఉండేది కాదు, తగిలీ తగలకుండానే కుడిచేతిలోకి వచ్చేసేది. 'నో టచ్' అన్న పేరు అలా వచ్చిందే. 1966లో 161 డబుల్ ప్లేలు, మొత్తం కెరీర్‌లో 1,706. సెకండ్ బేస్‌మన్లలో ఈ రెండు రికార్డులూ అతనివే. ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్‌లు కూడా 8 వచ్చాయి.

జనానికి గుర్తున్నది మాత్రం ఒక హోమ్ రన్. 1960 అక్టోబర్ 13న న్యూయార్క్ యాంకీస్‌పై వరల్డ్ సిరీస్ (ఆ ఏటి ఫైనల్ పోరు) ఏడో మ్యాచ్ 9-9తో సమంగా ఉండగా, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ పిచర్ రాల్ఫ్ టెర్రీ విసిరిన బంతిని మజెరాస్కీ గోడ దాటించాడు.

అయినా కెరీర్ బ్యాటింగ్ సగటు .260, హోమ్ రన్లు 138. ఈ మామూలు అంకెలు చూసి, హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నికలో ఓటు వేసే క్రీడా రచయితలు ఏనాడూ సగం ఓట్లయినా వేయలేదు. కావలసింది 75 శాతం. చివరికి రచయితల ఓటులో నెగ్గని పాత ఆటగాళ్లను పరిశీలించే వెటరన్స్ కమిటీ 2001లో ఎన్నుకుంది. ఆ ఏడాదే కమిటీ విధానం మారింది. 2003, 2005, 2007 ఎన్నికల్లో ఆ దారిన ఒక్కరూ లోపలికి రాలేదు.

డబుల్ ప్లేల సంఖ్య నేలబారు బంతులు రాబట్టే పిచర్లను బట్టి కూడా పెరుగుతుందన్న అభ్యంతరంలో నిజముంది. కానీ 17 సీజన్ల లెక్కను పిచర్ల ఖాతాలో వేసేయడం అన్యాయం. పైగా ఫీల్డర్ మీదికి మళ్లి జారడాన్ని కట్టడి చేసిన నిబంధన 2016లో గానీ రాలేదు. అతని 1,706 డబుల్ ప్లేలూ ఆ రక్షణ లేని రోజుల్లోవే.